గోడ మీద బొమ్మ ఉంది, పేరేది?

హైదరాబాద్ పోయి వచ్చినవాళ్లు చూసే ఉంటారు. ఫ్లైఓవర్ స్తంభాల మీద, ప్రభుత్వ ఆఫీసుల ప్రహరీల మీద, పెద్ద హోటళ్ల గోడల మీద మన లంబాడా ఆడవాళ్ల బొమ్మలుంటాయి. అద్దాల కాంచళి, ఎర్రటి ఫేట్యా, మోచేతి దాకా తెల్లటి బలియాలు. మంత్రి వస్తున్నాడంటే మనవాళ్లు ఎండలో నిలబడి ఆడాలి. తెలంగాణ సంస్కృతి అనే పేరుతో ఏ కరపత్రం అచ్చయినా అందులో మనం ఉంటాం. ఇంతగా బొమ్మలకెక్కిన జాతి ఇంకొకటి ఉందో లేదో! అయినా ఒక్క బొమ్మ కిందనైనా ఇది ఫలానా తండా, ఈమె ఫలానా ఆమె అని రాసి ఉండగా నేను చూడలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పేది ఒకటే మాట. బొమ్మ వేసినంత మాత్రాన గుర్తుపెట్టుకున్నట్టు కాదు. పేరు, భూమి, భాష తీసేసి వేసే బొమ్మ మనల్ని తుడిచేసే పద్ధతుల్లో ఒకటి. దాన్ని వలస పాలకులు మొదలుపెట్టారు. స్వతంత్రం వచ్చాక మనదేశపు పెద్దలు వదలకుండా నడిపిస్తున్నారు. ఆ బొమ్మను ఎదిరించే కళ మనకు కావాలి. అది గ్యాలరీలు దయతలచి ఇచ్చేది కాదు, మనం చేసుకోవలసింది.

బంజారాహిల్స్ సంగతే తీసుకోండి. ఆ గుట్టల మీద ఒకప్పుడు బంజారాలు ఉండేవారు కాబట్టే ఆ పేరు. నిజాం కాలంలోనే అక్కడ పెద్దవాళ్లు బంగళాలు కట్టుకోవడం మొదలైంది. ఇప్పుడు తండా తండా అమ్మినా అక్కడ నాలుగు గజాల జాగ రాదు. నగరంలో పేరున్న ఆర్ట్ గ్యాలరీలు కూడా ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. మనం ఖాళీ చేసిన గుట్ట మీద మన బొమ్మ చట్రంలో బిగించుకుని వేలాడుతుంది, దానికి ధర ఉంటుంది. 2022 సెప్టెంబర్ 17న అదే బంజారాహిల్స్‌లో సేవాలాల్ బంజారా భవన్, కుమ్రం భీం ఆదివాసీ భవన్ ప్రారంభించారు. మంచిదే, వద్దనను. కానీ గుట్ట పోయినందుకు భవనం వచ్చిందన్న లెక్క కూడా పిల్లలకు చెప్పాలి.

మన బొమ్మ ఇట్లా ఎందుకు తయారైందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మన పూర్వీకులది లదేణి. ఎద్దుల మందల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కన్ అంతా తిరిగేవారు. మొగలు సైన్యాలకూ నిజాం సైన్యాలకూ తిండిగింజలు మోసింది ఆ ఎద్దులే. 1874లో వాడీ నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడింది. అది వచ్చింది మన తాండూరు, వికారాబాద్ మీదుగానే. మనం ఈ రోజు ఎక్కి తిరిగే ఆ రైలు పట్టాల కింద లదేణి దారి ఉంది. రైళ్లు, కొత్త రోడ్లు, ఉప్పు మీద సర్కారు పెత్తనం అన్నీ కలిసి మన బతుకుదెరువు నడుం విరిచాయి.

పని పోయిన జాతికి దొరలు పని చూపలేదు, ముద్ర వేశారు. 1871లో నేరస్థ తెగల చట్టం చేశారు. మొదట ఉత్తరాదిన అమలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో ఎరుకలవారు, సుగాలీలు అని పిలిచే మనవాళ్లు, ఇంకా ఎందరో పుట్టుకతోనే నేరస్థులయ్యారు. ఎరుకలవారిని స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఆ ఊరికి ఉన్న పేరు కూడా హెరాల్డ్ స్టువర్ట్ అనే దొరదే. నిజాం రాజ్యంలో లంబాడాలను ఎట్లా కట్టడి చేశారో మన జాతి చరిత్రకారుడు భాంగ్యా భుక్యా 2010లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు. చదువుకున్న ప్రతి లంబాడా చదవాల్సిన పుస్తకం. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర కాగితం మీద పోయింది. ఊళ్లో దొంగతనం జరిగితే మొదట ఎవరి ఇంటికి పోలీసులు వచ్చేవారో మన పెద్దలను అడగండి.

ఆ ముద్ర వేసే రోజుల్లోనే ఎడ్గర్ థర్స్టన్ అనే మద్రాసు మ్యూజియం అధికారి పరికరాలు పట్టుకుని దక్షిణాది జనాల తలలు, ముక్కులు కొలుస్తూ తిరిగాడు. 1909లో అతని ఏడు సంపుటాలు వచ్చాయి. అందులో లంబాడీలు కూడా ఉన్నారు. 1920లో నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ పుస్తకం వచ్చింది. అందులో బంజారాలు ఉన్నారు. ఇట్లాంటి పుస్తకాలలో మనిషి ఒక నమూనా. పురుగును పిన్నుతో గుచ్చి కింద జాతి పేరు రాసినట్టు, మనిషిని నిలబెట్టి ఫొటో తీసి కింద తెగ పేరు రాస్తారు. ఆ మనిషికి తల్లి పెట్టిన పేరు అక్కర్లేదు. ఈ రోజు ఫ్లైఓవర్ స్తంభం మీద ఉన్న బొమ్మకు ఆ ఫొటోయే తాత. ఆనాడు భయం కోసం తీశారు, ఈనాడు అందం కోసం వేస్తున్నారు. పేరు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అది తెల్లదొరల కాలం, అయిపోయింది కదా అనేవాళ్లకు మన వికారాబాద్ జిల్లా నుంచే జవాబు చెబుతాను. 2024 నవంబర్ 11న దుద్యాల మండలం లగచర్లలో ఏం జరిగిందో లోకమంతా చూసింది. ఫార్మా విలేజ్ పేరుతో భూములు తీసుకుంటామన్నారు. జనం తిరగబడ్డారు. అధికారుల మీద దాడి జరిగిందని కేసులు పెట్టి పదుల మందిని పట్టుకుపోయారు. రోటిబండ తండా ఆడవాళ్లు ఢిల్లీ దాకా పోయి జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు గోడు చెప్పుకున్నారు. డిసెంబర్‌లో జైలు నుంచి ఒక లంబాడా రైతును ఆసుపత్రికి బేడీలతో తీసుకొచ్చిన దృశ్యం పేపర్లలో వచ్చింది. ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి తీసుకున్నారు, తర్వాత పారిశ్రామిక పార్కు పేరుతో మళ్లీ వచ్చారు.

అడుగుతున్నాను. ఆ బేడీల ఫొటోకూ నూరేళ్ల కిందటి నేరస్థ తెగల ఫొటోకూ తేడా ఏమిటి? ఆ ఆడవాళ్ల ఢిల్లీ ప్రయాణం ఏ ఫ్లైఓవర్ స్తంభం మీద ఉంది? అద్దాల కాంచళి మీద అంత ప్రేమ ఉన్న కుంచెలు, ఆ కాంచళి తొడుక్కున్న మనిషి తన పట్టా కాగితం పట్టుకుని ఏడుస్తుంటే ఎటు పోయాయి?

ప్రపంచంలో అన్నిచోట్లా కళ ఇట్లా తల తిప్పుకోవడం లేదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. అది నల్లబల్ల, చాక్‌పీసుతో చేసిన పని కాబట్టి ఉపాధ్యాయులకు వెంటనే అర్థమవుతుంది.

ఇటలీలోని వెనిస్‌లో రెండేళ్లకోసారి పెద్ద కళా ప్రదర్శన జరుగుతుంది. ఒక్కో దేశం ఒక్కో మందిరంలో తన కళాకారులను చూపుతుంది. 2024లో ఆస్ట్రేలియా తరఫున ఆర్చీ మూర్ అనే ఆదివాసీ కళాకారుడు వెళ్లాడు. మందిరం గోడలకు, పైకప్పుకు నల్లరంగు పూసి, చాక్‌పీసుతో తన వంశవృక్షం రాశాడు. 65,000 ఏళ్ల వెనక్కి, 2,400 తరాలకు పైగా. ఊచకోతల్లో, రోగాల్లో పోయిన మనుషుల చోట్లు ఖాళీగా వదిలేశాడు. వలస పాలకుల కాగితాల్లో తన వాళ్లను ఏ తిట్టుపేర్లతో రాశారో ఆ పేర్లను కూడా దాచకుండా రాశాడు. మధ్యలో నీళ్ల పైన ఉన్న బల్ల మీద కాగితాల దొంతరలు పెట్టాడు. పోలీసుల చేతుల్లో, జైళ్లలో చనిపోయిన ఆదివాసుల మరణ విచారణ పత్రాలవి. దానికి గోల్డెన్ లయన్ బహుమతి వచ్చింది. ఆస్ట్రేలియాకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.

అందులో ఈకల టోపీ లేదు, నాట్యం లేదు, రంగు కూడా లేదు. ఉన్నవి పేర్లు, ఖాళీలు, కేసు కాగితాలు. ప్రపంచం తలవంచి చూసింది.

మన దేశంలోనూ ప్రయత్నం జరగలేదని కాదు. బెంగళూరు కళాకారిణి పుష్పమాల 2000 నుంచి 2004 దాకా క్లేర్ ఆర్నీతో కలిసి ఒక ఫొటోల వరుస చేసింది. దొరలు గళ్ల గుడ్డ ముందు అండమాన్ ఆదివాసీ స్త్రీని నిలబెట్టి కొలతలు తీసిన పాత ఫొటోను తానే ఆ చోట నిలబడి మళ్లీ తీయించుకుంది. కొలిచే కన్ను ఎంత క్రూరమైనదో అందులో తెలుస్తుంది. ఆమె పని మీద నాకు గౌరవం ఉంది. అయినా ఒక మాట అనక తప్పదు. ఆ ఫొటోలో ఆదివాసీ స్త్రీ బదులు ఇంకొకరు నిలబడ్డారు. మన తరఫున ఇంకొకరు మాట్లాడటం దాకా దేశం వచ్చింది. మనం మాట్లాడటం ఇంకా మిగిలే ఉంది.

ఆర్చీ మూర్ రాసిన వృక్షం గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మన తండాల పిల్లలే. ఆస్ట్రేలియాలో దశాబ్దాల పాటు ఆదివాసీ పిల్లలను తల్లుల నుంచి లాక్కుని సంస్థల్లో, తెల్లవాళ్ల ఇళ్లలో పెంచారు. 2008 ఫిబ్రవరి 13న ఆ దేశ ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. మన దగ్గర? 1999లోనూ 2001లోనూ దత్తత ముసుగులో పసిపిల్లల అమ్మకం బయటపడింది. విదేశాలకు పంపడానికి తండాల నుంచి కొని తెచ్చిన పిల్లల్లో లంబాడా ఆడపిల్లలే ఎక్కువ. దేవరకొండ పేరుతో పాటు మన తాండూరు పేరు కూడా ఆ వార్తలకెక్కింది. నేను ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న రోజులవి. పేపర్లన్నీ తల్లులనే తిట్టాయి. ఆడపిల్లను అమ్ముకున్న లంబాడా తల్లి అని బొమ్మ వేసి మరీ రాశాయి. వర్షం లేక, అప్పు తీరక, కట్నాల రోగం తండాకు కూడా పాకి ఆ తల్లి ఎట్లా చితికిందో రాసినవాళ్లు తక్కువ. కొన్నవాళ్ల గురించి, మధ్యవర్తుల గురించి రాసింది ఇంకా తక్కువ.

ఆ పిల్లలు ఇప్పుడు ఇరవై అయిదేళ్లు దాటిన మనుషులు. ఏ దేశంలోనో, ఏ పేరుతోనో ఉంటారు. వాళ్లలో ఎందరికి గోర్ బోలి ఒక్క మాటైనా వస్తుంది? తాము రాథోడ్‌లో, పవార్‌లో, చౌహాన్‌లో ఎందరికి తెలుస్తుంది? మన వంశవృక్షంలోనూ ఖాళీలున్నాయి మిత్రులారా. అవి ఎక్కడో నూరేళ్ల కిందట పడినవి కావు, మన కళ్ల ముందు పడినవి. వాటికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

ఈ సంగతి పక్కన ఒక సినిమాను పెట్టి చూడండి. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్. అందులో గవర్నరు భార్య మల్లి అనే గోండు పిల్లను తీసుకుపోతుంది. ఆ పిల్ల తల్లి కోసం థియేటర్లలో జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. కల్పించిన పిల్ల కోసం ఏడ్చిన జనం, నిజంగా పోయిన పిల్లల గురించి అడగనే లేదు. ఎత్తుకుపోయింది తెల్లదొర అయితే కథ అవుతుంది, మనవాళ్లయితే కాదు. ఆ సినిమాలోనే చివర రామరాజు ఏం కావాలని అడిగితే భీం చదువు కావాలంటాడు. బడిపంతులుగా నాకు చదువు విలువ తెలుసు. కానీ అసలు కుమ్రం భీం పోరాడింది జోడేఘాట్ అడవి మీద, భూమి మీద హక్కు కోసం. తలపడింది నిజాం సర్కారు అటవీ, రెవెన్యూ యంత్రాంగంతో. 1940లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. ఆయన చదవడం, రాయడం నేర్చినవాడని ఆయన జీవిత చరిత్రలు చెబుతున్నాయి. భూమి అడిగిన వీరుడి చేత అక్షరాలు అడిగించారు. ఎవరి దగ్గర? ఇంకో వీరుడి దగ్గర, చేయి చాపి. ఇది భీంను స్మరించడమా, తుడిచేయడమా?

ఏ కళ నిజమైనదో తేల్చడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. అధికారంలో ఉన్నవాళ్లు దేన్ని చూసి భయపడ్డారు? గుస్సాడీ నెమలి ఈకల బొమ్మ చూసి ఎవరూ భయపడలేదు, క్యాలెండర్లలో వేసుకున్నారు. ఇంద్రవెల్లి స్తూపం చూసి భయపడ్డారు. 1981 ఏప్రిల్ 20న అక్కడ గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు 13 మంది అన్నది, హక్కుల సంఘాలు అంతకు చాలా రెట్లు అన్నాయి. అమరుల కోసం కట్టిన స్తూపాన్ని పడగొట్టారు. మళ్లీ కట్టారు. ఏటా ఏప్రిల్ 20 వస్తే అక్కడికి జనం రాకుండా ఏళ్ల తరబడి 144 సెక్షన్ పెట్టారు. రాతికి, సున్నానికి ఎందుకంత భయం? అందులో తేదీ ఉంది, చంపినవాడెవడో చచ్చినవాడెవడో ఉన్నారు కాబట్టి. వెనిస్‌లో ఆర్చీ మూర్‌కు బహుమతి ప్రకటించింది కూడా ఏప్రిల్ 20నే. కాకతాళీయమే కావచ్చు. రెండు చోట్లా చేసిన పని మాత్రం ఒకటే. పోయినవాళ్లను లెక్కలోకి తెచ్చారు.

ఈ మాటలకు ఎదురు వచ్చే మాటలు నాకు తెలుసు.

కళాకారుడు ప్రేమతో వేస్తే తప్పేమిటి అంటారు. ప్రేమ ఉంటే పేరు అడుగుతారు. బంధువు ఇంటికి పోయి ఫొటో తీసి పేరు అడగకుండా వస్తామా?

మ్యూజియాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. చాలా మ్యూజియాలలో మన సామాను ఉంటుంది, మన వాదన ఉండదు. ఎద్దుల మెడగంటలు ఉంటాయి, ఆ ఎద్దులు ఎందుకు ఆగిపోయాయో ఉండదు.

లంబాడాలు ఆదివాసులేనా అని అడిగే గోండు, కోయ సోదరులూ ఉన్నారు. ఆ తగాదా వీధుల్లో, కోర్టుల్లో ఉంది. దాన్ని ఈ నాలుగు పేజీల్లో తేల్చలేను. ఒక్కటి మాత్రం అంటాను. జోడేఘాట్ అడవిని గీత గీసి లాక్కున్నదీ, లదేణి ఎద్దును ఆపి నేరస్థుడని రాసుకున్నదీ ఒకే రకం కలం. గోండీ ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు, గోర్ బోలీ లేదు. తుడిచే చేయి ఒకటే అయినప్పుడు, రాసే చేతులు కొట్టుకుంటే లాభం ఎవరికి?

ఇక మన పని. నేను పనిచేసిన ఒక తండా బడికి ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు గోడలకు రంగులు వేయడానికి వచ్చారు. అంతకుముందే అయిదో తరగతి పిల్లలు ఒక గోడ మీద బొగ్గుతో, సుద్దతో బండల గని వేసి ఉన్నారు. నాపరాయి కోసే యంత్రం, లారీ, తట్ట మోసే అమ్మ, పుణె పోయే బస్సు. అమ్మ బొమ్మ పక్కన అమ్మ పేరు రాశారు. వచ్చినవాళ్లు దాని మీద సున్నం కొట్టి, నవ్వుతున్న లంబాడా పిల్ల బొమ్మ వేసి, ఫొటో దిగి పోయారు. పిల్లలు నన్ను అడిగిన ప్రశ్న చిన్నది. "ఆ పిల్ల ఎవరు సార్?"

ఆ ప్రశ్నలోనే మన కార్యక్రమం అంతా ఉంది. తండాలో మనిషి బొమ్మ ఎవరు వేసినా, ఫొటో ఎవరు తీసినా ముందు అనుమతి అడగాలి, కింద ఆ మనిషి పేరు, తండా పేరు ఉండాలి, ఆ బొమ్మ అమ్ముడుపోతే ఆ మనిషికి వాటా ఉండాలి. 2018 చట్టంతో వెయ్యికి పైగా తండాలు, గూడేలు పంచాయతీలు అయ్యాయి. ఇట్లా తీర్మానం చేయడానికి మన సర్పంచులకు హైదరాబాద్ అనుమతి అక్కర్లేదు.

రెండో పని బడిలో. ప్రతి తండా బడిలో నల్లబల్ల ఉంది, చాక్‌పీసు ఉంది. పిల్లల చేత తమ వంశం రాయిద్దాం. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్ల అమ్మ. తెలియని చోట ఖాళీ పెడదాం, ఆ ఖాళీ ఎందుకు వచ్చిందో పెద్దలను అడగమందాం. మన వంశాల చరిత్ర పాడే ఢాడీలు ఇంకా కొందరు ఉన్నారు. ఆర్చీ మూర్ సుద్దతో రాసిన పని మన ఢాడీలు తరతరాలుగా గొంతుతో చేస్తున్నారు. వాళ్లు పోకముందే ఫోన్లలోనైనా రికార్డు చేద్దాం.

మూడో పని మన రాయితో. తాండూరు బండ దేశమంతా గచ్చులై పరుచుకుంది. దాన్ని తవ్వే చేతుల్లో మన చేతులెన్నో ఉన్నాయి. ఒక్కో తండా మొదట్లో ఒక్కో బండ నిలబెడదాం. ఈ తండాను ఎవరు కట్టారు, ఏ పొలాన్ని ఎవరు చదును చేశారు, ఏ సర్వే నంబరు ఏ ఏడు ఏ పేరుతో పోయింది, ఎవరు బొంబాయి పోయి తిరిగి రాలేదు, ఏ పిల్ల ఏ ఏడు మాయమైంది. గోర్ బోలిలో, తెలుగు అక్షరాలతో చెక్కిద్దాం. దాన్ని కళ అంటారో అనరో గ్యాలరీ వాళ్ల ఇష్టం.

మన యువకుల్లో చక్కగా బొమ్మలు వేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఒక మాట. పెళ్లి ఫ్లెక్సీలకు, రీల్స్‌కు పోయే చెయ్యి ఒక్కరోజు మీ నానమ్మ ముఖం మీద పెట్టండి. ముడతలతో సహా వెయ్యండి. అద్దాలు మెరవకపోయినా పర్వాలేదు. కింద ఆమె పేరు రాయండి, తండా పేరు రాయండి, ఆమె పోగొట్టుకున్న చెలక ఎన్ని ఎకరాలో రాయండి. దాని మీద సున్నం కొట్టడానికి ఎవరైనా వస్తే, సరైన బొమ్మే వేశారని తెలుసుకోండి.